దూర్వక్క గిన్నె

"దూర్వా... ఓ దూర్వా..."

ఏటి గట్టు మీద నిలబడి సుమేధ పిలిచింది. కొంగు నెత్తిన కప్పుకుంది. శ్రావణపు వాన సన్నగా పడుతోంది. అవతలి గట్టున జమ్ము గుడిసెలు కన్నీళ్లలోంచి చూసినట్టు మసగ్గా కనిపిస్తున్నాయి. వాటిలో చివరిది, నీటికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది, దూర్వది. ఆ సంగతి సుమేధకు తెలుసు. రెండేళ్లుగా నీళ్లకు వచ్చినప్పుడల్లా ఆ గుడిసె వైపు చూడకుండా కడవ నింపుకోవడం నేర్చుకుంది.

మొదటిసారి పిలిచింది. ఏరు పలికింది గాని మనిషి పలకలేదు.

రెండోసారి పిలిచింది. గుడిసె కొప్పు మీద కూర్చున్న కొంగ లేచి ఎగిరిపోయింది.

మూడోసారి పిలవబోయి ఆగింది. అత్తవారింటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి, అందరూ పిలిచినట్టే తనూ ఆమెను పేరు పెట్టి పిలిచింది. ఆమె తనకంటే ఇరవై ఏళ్లు పెద్దది. అయినా ఎవరూ వరస కలపలేదు, తనూ కలపలేదు.

మూడోసారి "అక్కా" అని పిలిచింది.

వాన పడుతూనే ఉంది. ఎవరూ పలకలేదు. సుమేధ చీర ఎగదోపుకుని ఏట్లోకి దిగింది.

ఆమె ఏరు దాటేలోపు జరిగిందంతా చెప్పేస్తాను. దగ్గరికి జరగండి.

ఇది ఎప్పటి మాటంటే, ఏటికింకా పేరు పెట్టని నాటి మాట. ఊరికింకా పొలిమేర లేదు. దారికింకా మలుపు లేదు. మనిషికీ దేవుడికీ మధ్య ఒక నిప్పు మాత్రం ఉండేది. మనిషి ఏం చెప్పుకోవాలన్నా ఆ నిప్పుకు చెప్పుకునేవాడు. నిప్పు దాన్ని మోసుకుపోయి పైన చెప్పేది.

ఆ ఏటి ఒడ్డున అగ్నిదత్తుడనే గృహస్థు ఉండేవాడు. మంచివాడే. కాకపోతే మంత్రం ఎంత గట్టిగా చదివితే అంత తొందరగా చేరుతుందని ఆయన నమ్మకం. ఆయన హోమానికి కూర్చుంటే అవతలి గట్టున మేసే ఆవులు తల తిప్పి చూసేవని చెప్పుకునేవారు. ఆయన తల్లిని అందరూ పెద్దమ్మగారు అనేవారు. ఆమె చెయ్యి మెత్తన, నోరు పదును. ఆయన భార్య సుమేధ. ఆ ఇంట్లో యవలు దంచే మనిషి దూర్వ.

యవలంటే వేరే ఏమీ కాదు, మనం బార్లీ అంటామే, ఆ గింజలే. అప్పట్లో తినేదీ అవే, దేవుడికి పెట్టేదీ అవే.

దూర్వకు వెనకా ముందూ ఎవరూ లేరు. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. గరిక ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది, అందుకే దీనికా పేరు అని పెద్దమ్మగారు వేళాకోళం చేసేది. దూర్వ నవ్వేది. గరికనే కానీండి అమ్మా, నేను దంచకపోతే మీ అబ్బాయిగారు ఎంత గట్టిగా చదివినా పైనున్నవాళ్లు పస్తే కదా అనేది. పెద్దమ్మగారు అటు తిరిగి తనూ నవ్వుకునేది. రోకలి మాత్రం ఆగేది కాదు. దం, దం, దం. ఆ చప్పుడుతోనే ఆ ఇల్లు నిద్ర లేచేది.

కొత్త కోడలు సుమేధకు రోకలి పట్టడం నేర్పింది దూర్వే. అరచేతులు బొబ్బలెక్కితే వెన్న రాసింది దూర్వే. ఏడాదిలో చేసే మూడు యజ్ఞాల సంగతి చెప్పింది కూడా దూర్వే. ఋత్విజులు చెబితే సుమేధకు అర్థం కాలేదు. దంపుడు పాకలో కూర్చుని దూర్వ చెబితే అర్థమైంది.

"ఏడాదికి మూడు కీళ్లుంటాయి కోడలమ్మా," అంది దూర్వ. "చలి పోయి ఎండ వచ్చే చోట ఒకటి. ఎండ పోయి వాన వచ్చే చోట ఒకటి. వాన పోయి చలి వచ్చే చోట ఒకటి. నా మోకాలు చూడు, నొప్పి పుట్టేది ఎక్కడ? కీలు దగ్గరే కదా. ఏడాదికీ అంతే. జ్వరాలొచ్చేదీ, పశువులు పడిపోయేదీ, మనుషులు మాటా మాటా అనుకునేదీ ఆ కీళ్ల దగ్గరే. అందుకే సరిగ్గా అక్కడ యజ్ఞం పెట్టారు, కీలుకు నూనె రాసినట్టు."

ఆ యజ్ఞాల్లో ఏం చెయ్యాలని సుమేధ అడిగింది.

"వసంతంలో అడుగుతాం. వానలో ఒప్పుకుంటాం. చలిలో తలుచుకుంటాం. అంతే."

అడగడమంటే పంట కోసం, దూడల కోసం, పిల్లల కోసం. తలుచుకోవడమంటే పోయినవాళ్లని. మధ్యలో ఒప్పుకోవడమేమిటో సుమేధకు తెలియలేదు.

అది వరుణుడి యజ్ఞమని చెప్పింది దూర్వ. నీళ్లు ఆయనవి, నిజమూ ఆయనదే. మనుషులు కొత్తగా పుట్టిన రోజుల్లో ఆకలికి ఆగలేక వరుణుడి యవలు అడగకుండా తినేశారట. ఆయన తాళ్లు వేసి కట్టాడట. కట్టినచోటల్లా వాచిందట, కాళ్లు, పొట్టలు, కనురెప్పలు. ఏం చెయ్యాలో తెలియక ఒక ఆడమనిషి యవల పిండితో చిన్న చిన్న గిన్నెలు చేసి, చేటలో పెట్టుకుని నెత్తిన మోసుకొచ్చి, నిప్పులో వేసి, మేమే తిన్నాం అని ఒప్పుకుందట. తాళ్లు ఊడిపోయాయట.

"ఆయనకి గింజల మీద ఆశా ఏంటి," అంది దూర్వ. "అడిగితే పెట్టేవాడే. మనం చెప్పకపోవడమే ఆయనకి గిట్టదు."

అందుకే ఏటా కోతలప్పుడు మొదటి కట్ట నూర్చిన గింజలు ఒక కుండలో పోసి, మూతకట్టి, దంపుడు పాకలో ఉట్టి మీద పెట్టేవారు. శ్రావణ పున్నమి దాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఆ రోజున దించి, దంచి, విసిరి, ఆ పిండితో దూర్వ ఒక పొట్టేలునీ ఒక గొర్రెనీ చేసి వాటికి నిజమైన ఉన్ని అంటించేది. నిజం గొర్రెలు వాటిని చూసి అరిచేవని పిల్లలు అనేవారు. తర్వాత గిన్నెలు. ఒక్కోటీ బొటనవేలంత లోతు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గిన్నెలు, పైన ఇంకొకటి.

"పైన ఒకటి ఎవరికి?" అని సుమేధ అడిగింది.

"ఇంకా పుట్టనివాళ్లకి. వాళ్లూ ఈ ఇంటివాళ్లేగా."

దూర్వ చేసిన గిన్నె ఎప్పుడూ చీలేది కాదు. పిండి కలిపి తడిగుడ్డ కప్పి చాలాసేపు అలాగే వదిలేసేది. చివర ఒక్కోదాని అడుగున బొటనవేలితో నెమ్మదిగా నొక్కేది, నిద్రపోయే పాప బుగ్గ నొక్కినట్టు.

ఇక ఆ ఏడు వచ్చింది. ఎండలు ముదిరి పంట సగమే వచ్చింది. ఆషాఢానికి గాదె అడుగు కనిపించింది. ఇంటిల్లిపాదికీ పూటకొక దొప్పెడు గంజి. పెద్దమ్మగారు తన దొప్పలో సగం కోడలికి వంచేది, వద్దంటే తిట్టేది. అప్పటికి సుమేధకు మూడో నెల. ఆకలంటే మామూలు ఆకలి కాదు. కడుపులో ఇంకెవరో కూర్చుని చెయ్యి చాచినట్టుండేది.

ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. దంపుడు పాకలో ఎవరూ లేరు. సుమేధ ఉట్టి వైపు చూసింది. మొదటి రోజు ఒక గుప్పెడు తీసింది. గుప్పెడే కదా అనుకుంది. రెండో రోజు రెండు గుప్పెళ్లు. అలా రోజూ. పచ్చి గింజలు నమిలేది. పాల రుచి ఉండేది వాటికి. తింటున్నంతసేపూ ఏడ్చేది, తిన్నాక హాయిగా నిద్రపోయేది. కుండ సగానికి దిగాక, ఇంక ముట్టనని ఒట్టు పెట్టుకున్న రోజునే మళ్లీ చెయ్యి పెట్టింది. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో దూర్వ ఉంది, తడిసిన చేట చంకన పెట్టుకుని.

సుమేధ నోట్లో గింజలున్నాయి. మింగలేదు, ఉమ్మలేదు.

దూర్వ సొరకాయ బుర్రలో నీళ్లు ముంచి తెచ్చింది.

"పచ్చి యవలు గొంతుకు అడ్డం పడతాయి. నీళ్లు తాగమ్మా," అంది.

సుమేధ తాగింది. దూర్వ కుండ మూత కట్టింది. నెమ్మదిగా, పున్నమి రోజున ఋత్విజుడు అడుగుతాడు, అప్పుడు చెప్పెయ్యి అంది. ఆకలేసిందని చెప్పు, రెండు ప్రాణాలతో ఉన్నానని చెప్పు, చెప్పేస్తే ఇక నీ దగ్గర ఏమీ ఉండదు అంది. సుమేధ తలూపింది. చెబుదామనే అనుకుంది. ఆ రోజు నిజంగా అలాగే అనుకుంది.

పున్నమి వచ్చింది. ముసలి ఋత్విజుడు వామరథుడు వచ్చాడు. ఆయనకు చూపు సగమే గాని చెవులు మహా చురుకు. కుండ దించారు. ఆయన చెయ్యి పెట్టాడు. చెయ్యి మోచేతి దాకా పోయింది గాని గింజ తగల్లేదు.

అగ్నిదత్తుడి మంత్రం సగంలో ఆగింది.

పెద్దమ్మగారే ముందు నోరు తెరిచింది. వరుణుడి గింజ తిన్న మనిషిని తాళ్లు చుట్టుకుంటాయనీ, అలాంటి మనిషి నిప్పు పక్కన కూర్చోకూడదనీ, కడుపున పుట్టబోయేవాళ్లకు కూడా ఆ తాడు తప్పదనీ ఏడుపు గొంతుతో అంది. ఆ మాట సుమేధ విన్నది. దూర్వ కూడా విన్నది. సుమేధ చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. దూర్వ అది కూడా చూసింది.

పెద్దమ్మగారు దూర్వ వైపు తిరిగింది.

"ఆ మూత కట్టిందెవరే?"

"నేనే అమ్మా."

"పొద్దస్తమానం ఈ పాకలో ఉండేదెవరే?"

"నేనే అమ్మా."

"మరి ఆ గింజలు తిన్నదెవరే?"

దూర్వ తలెత్తింది. సుమేధ వైపు చూసింది. ఒక్కసారే. అందులో కోపం లేదు, బెదిరింపు లేదు. నువ్వు చెబుతావా, నన్ను ఊరుకోమంటావా అని అడిగినట్టుంది.

సుమేధ నేల చూసింది. నేల మీద ఒక చీమ యవల పొట్టు మోసుకుని పోతోంది. అది గోడ వారకు చేరేదాకా సుమేధ దాన్నే చూసింది.

అప్పుడు దూర్వ అంది, "ఆ కుండకు కాపలా నేనే అమ్మా."

తిన్నాననలేదు. తినలేదనీ అనలేదు. అబద్ధం ఆడలేదు. ఆ కుండకు కాపలా నేనే అంది, అంతే.

రోకలి ఆమె చేతిలోంచి తీసేసుకున్నారు. దేవుడి గింజ ఇక ముట్టవద్దన్నారు. ఏరు దాటి పొమ్మన్నారు. ఆమె పాత చేట ఒకటి చంకన పెట్టుకుని వానలో నడిచిపోయింది. గుమ్మం దాటేముందు వెనక్కి తిరిగి, పిండికి తడిగుడ్డ కప్పడం మరిచిపోవద్దని చెప్పింది.

పొరుగింటి నుంచి యవలు తెచ్చి యజ్ఞం చేశారు. చేట ఎత్తుకునే ముందు వామరథుడు, ఏటా ఇంటి ఇల్లాలిని అడిగే మాట సుమేధను అడిగాడు.

"అమ్మా, ఈ నిప్పు ముందు చెప్పు. నీలో దాచినదేమైనా ఉందా? ఉంటే ఒక గడ్డిపోచ పట్టుకో."

సుమేధ చేతులు ఖాళీగానే ఉంచింది. "ఏమీ లేదు," అంది.

చలి పోయే వేళకు ఆడపిల్ల పుట్టింది. తరళ అని పేరు పెట్టారు. నీటి మీద వెలుగు కదిలినట్టు కదిలే కళ్లు ఆ పాపవి. మళ్లీ వాన వచ్చింది. వానతో పాటు పాప పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడేది, ఆ గుంట పూడటానికి చాలాసేపు పట్టేది. సుమేధ ఆ గుంట వైపు చూస్తూ కూర్చునేది. దూర్వ గిన్నెల అడుగున నొక్కిన బొటనవేలి గుర్తు జ్ఞాపకం వచ్చేది.

ఆ ఏడు గిన్నెలు పెద్దమ్మగారు చేసింది. నిప్పు దాకా వెళ్లకముందే చేటలోనే చీలిపోయాయి. వామరథుడు మళ్లీ అడిగాడు. నీలో దాచినదేమైనా ఉందా?

ఒళ్లో పాప ఉంది. ఇప్పుడు చెబితే ఈ పసిదాన్నే వేలెత్తి చూపిస్తారనుకుంది సుమేధ. దొంగ గింజలతో పెరిగిన బిడ్డ అంటారనుకుంది. "ఏమీ లేదు," అంది. ఆ రెండో అబద్ధం మొదటిదానికంటే సులువుగా వచ్చింది. దానికే ఆమెకు భయం వేసింది.

మూడో వాన వచ్చింది. తరళ నడుస్తోంది, ఒకటీ రెండూ మాటలు పలుకుతోంది. పాదాలు మళ్లీ వాచాయి. పెద్దమ్మగారు పాప కాళ్లకు నూనె రాస్తూ, ఆ దొంగ దూర్వ చేసిన పాపం నీ కాళ్లకు చుట్టుకుందే తల్లీ అని రోజూ వాపోయేది. రోజూ వింటే పిల్లలు ఊరుకుంటారా? పున్నమికి ముందు రోజు ఉదయం సుమేధ గంజి కలుపుతుంటే, తరళ తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, చప్పట్లు కొట్టి, నవ్వుతూ అంది.

"దూవ దొంగ."

సుమేధ చేతిలో గరిటె ఆగిపోయింది. పాప మళ్లీ అంది. ఆ మాట పాపకు పాటలా ఉంది. దూవ దొంగ, దూవ దొంగ.

గంజి అలాగే వదిలేసి, పాపను అత్తగారి ఒళ్లో పెట్టి, సుమేధ ఏటికి పరిగెత్తింది. అక్కడి నుంచే మనం మొదలుపెట్టాం.

అవతలి గట్టుకు చేరేసరికి చీర నడుము దాకా తడిసింది. చివరి గుడిసె తలుపు తడిక వేసి ఉంది. పక్క గుడిసె ముందు చేపలు పట్టే ముసలామె వల బాగు చేసుకుంటోంది. తల ఎత్తకుండానే అంది.

"దూర్వ కోసమైతే ఆలస్యమైంది తల్లీ. పోయి ఆరు రోజులు. వానజ్వరం."

సుమేధ నిలబడిపోయింది. కాళ్ల కింద బురద చల్లగా ఉంది. ఎక్కడ అని మాత్రం అడగగలిగింది. ముసలామె ఏటి వారన గరిక మొలిచిన చోటు చూపించింది. తర్వాత ఆమె వైపు నిదానంగా చూసి, "గిన్నెల ఇంటి కోడలివా?" అంది.

అదేమిటని సుమేధ అడిగింది. ముసలామె లేచి తడిక తీసింది.

గుడిసెలో పెద్దగా ఏమీ లేదు. ఒక చాప. ఒక సొరకాయ బుర్ర. ఒక పాత చేట. ఆ చేటలో వరసగా అయిదు పిండిగిన్నెలు. ఒక్కటి కూడా చీలలేదు.

ముసలామె చెప్పింది. కోతలయ్యాక పొలాల అంచుల్లో రాలిన గింజలు ఏరుకొచ్చేదట. తినడానికి లేని రోజున కూడా వాటిని ముట్టేది కాదట. శ్రావణం రాగానే ఈ గిన్నెలు చేసేదట. మీ గట్టుకు రానివ్వరు కదా, అందుకని పున్నమి రోజున ఏటికే ఇచ్చేదట. ఏరూ ఆయనదేగా అనేదట. ఎవరివి ఇవి అంటే మా ఇంటివి అనేదట.

"ఇది పెద్దమ్మగారిది. ఇది అయ్యగారిది. ఇది కోడలమ్మది," అని ముసలామె వేలితో చూపించింది. "నేను చేపలు అమ్మడానికి మీ వైపు వస్తానుగా, పాప పుట్టిందని నేనే చెప్పాను. ఆ రోజు ఎంత సంబరపడిందని. ఈ బుల్లిది ఆ పాపది. ఈ చివరిది ఇంకా పుట్టనివాళ్లదంట. మరి నీదేదే అని అడిగాను. నేను ఆ ఇంటి లెక్కలోకి రానులే అంది."

నిన్నెందుకు వెళ్లగొట్టారు అని కూడా ఒకసారి అడిగిందట ముసలామె. ఆ కుండకు కాపలా నేనే అందట దూర్వ. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదట.

సుమేధ ఆ బుల్లి గిన్నె చేతిలోకి తీసుకుంది. అడుగున బొటనవేలి గుర్తు ఉంది. ఆ గుర్తులో తన బొటనవేలు పెట్టింది. అప్పుడు ఏడ్చింది. వాన పడుతూనే ఉంది కాబట్టి ముసలామె చూడనట్టు వల దగ్గరికి వెళ్లిపోయింది.

చేట మూలన గుప్పెడు పిండి మిగిలి ఉంది. సుమేధ దాన్ని తడిపింది. గుడ్డ కప్పలేదు, అంత ఓపిక లేదు. ఒక గిన్నె చేసింది. అది వంకరగా వచ్చింది. అంచు చీలింది. అలాగే మిగతావాటి పక్కన పెట్టింది. చేట నెత్తిన పెట్టుకుని ఏరు దాటింది. ముసలామె చెప్పేది, నడుము లోతు నీళ్లలో కూడా ఆ చేట కదలలేదని.

మర్నాడు పున్నమి. నిప్పు వెలిగింది. పిండి పొట్టేలు, పిండి గొర్రె ఉన్ని కప్పుకుని కూర్చున్నాయి. ఊళ్లోవాళ్లంతా వచ్చారు. అగ్నిదత్తుడు గొంతు సవరించుకున్నాడు. పెద్దమ్మగారు పాపను ఎత్తుకుని నిలబడింది. సుమేధ చేట నెత్తిన పెట్టుకుని వచ్చి నిప్పు ముందు ఆగింది.

ఈసారి గిన్నెలు బాగున్నాయే అని అత్తగారు ఆశ్చర్యపోయింది. ఎవరు చేశారు అని అడిగింది. సుమేధ వామరథుడికి అందేలా కాస్త వంగింది.

వామరథుడికి చూపు సగమే కదా, వేళ్లతో తడిమి చూశాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. పుట్టనివాళ్లది అయిదు. వేలు ఆరోదాని దగ్గర ఆగింది. వంకర అంచు తడిమాడు, చీలిక తడిమాడు.

"ఒకటి ఎక్కువుంది. ఇది ఎవరిదమ్మా?"

సుమేధ చేట అంచు గట్టిగా పట్టుకుంది.

ఆయనకు చెవులు చురుకు. ఆమె ఊపిరి విన్నాడేమో, ఏటా అడిగే మాట ఈసారి చాలా మెల్లగా అడిగాడు. "నీలో దాచినదేమైనా ఉందా?"

సుమేధ వంగి ఒక గడ్డిపోచ తీసుకుంది. జనంలో ఎవరో చప్పున ఊపిరి పీల్చారు. పెద్దమ్మగారు పాపను గుండెకు అదుముకుంది.

ఇక్కడ ఈ కథ చెప్పేవాళ్లందరూ కాస్త ఆగుతారు. నేనూ ఆగుతాను.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డున శ్రావణ పున్నమినాడు గిన్నెలు చేస్తారట. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని. పుట్టనివాళ్లకు ఒకటి. ఆపైన ఇంకొకటి, కావాలనే కాస్త వంకరగా. దాన్ని దూర్వక్క గిన్నె అంటారు. ఎవరింట్లోనైనా లెక్కలోకి రాని మనిషి ఉంటే, నీళ్లు మోసే మనిషి గాని, పేడ ఎత్తే మనిషి గాని, ఆ రోజు ఆ గిన్నె వాళ్ల చేతికిచ్చి ముందు నడవమంటారు. నిప్పులో వేసే ముందు ఏటి వైపు తిరిగి ముమ్మారు పిలుస్తారు. రెండుసార్లు పేరుతో, మూడోసారి అక్కా అని. పిల్లలకు కాళ్లు వాస్తే ఆ ఏటి గరికే నూరి రాస్తారు. తరళ వాపు ఆ ఒక్క రోజులోనే పోయిందని కొందరంటారు. కాదు, నెమ్మదిగా, ఆమెకు ఊహ తెలిసేనాటికి పోయిందని కొందరంటారు. పోయిందని మాత్రం అందరూ అంటారు. పెద్దమ్మగారు చనిపోయేదాకా దూర్వ రోకలిని ఎవరినీ ముట్టనివ్వలేదంటారు. రోజూ పొద్దున్నే దాన్ని తుడిచి గోడకు ఆనించేదట.

ఆ పున్నమినాడు ఇల్లాలు ఎవరైనా సరే, తన తప్పు చెప్పుకునే ముందు సుమేధ చెప్పిన మాటను చెబుతుంది, గొంతు వణకకుండా, అందరికీ వినిపించేలా. ముందు ఆ మాట దాటితే తర్వాత తన మాట సులువుగా వస్తుందట.

ఆ మాటను మొదటిసారి అన్నప్పుడు సుమేధ గొంతు వణికింది. చేట నెత్తి మీదే ఉంది. గడ్డిపోచ చేతిలో ఉంది. రెండేళ్ల కిందట చీమ వైపు చూసిన కళ్లను ఈసారి దించలేదు. అత్తగారి ముఖం చూసింది. భర్త ముఖం చూసింది. పాప ముఖం చూసింది. తర్వాత నిప్పును చూసి అంది.

"ఈ ఆరో గిన్నె దూర్వక్కది. నిన్నటి వరకు నేను ఆమెను అక్కా అని పిలవలేదు. ఆమె పోయింది. వరుణుడి యవలు తిన్నది ఆమె కాదు, నేను. ఆకలేసి తిన్నాను. ఆయన దాన్ని క్షమిస్తాడేమో. మీరందరూ ఆమెను అడిగినప్పుడు ఆమె నా వైపు చూసింది. నేను నేల చూశాను. నేను దాచింది అదీ."